నాలుగో నంబరు పొరుగున

గార్హింగ్, మ్యూనిక్ శివారు
ఫిబ్రవరి 9

ప్రియమైన మైలీస్,

పంపేశాం. నిన్న మధ్యాహ్నం ప్రొఫెసర్ తాన్హూబర్ నా భుజం మీదుగా వంగి చూస్తూ ఉండగా నేనే బటన్ నొక్కాను. వ్యాసం అందిందని పత్రిక నుంచి జవాబు కూడా వచ్చేసింది. ఆయన కిందికి వెళ్ళి క్యాంటీన్ నుంచి రెండు గ్లాసుల గోధుమ బీరు మోసుకొచ్చాడు. ఇన్నేళ్ళ కొలువులో ఆయన చేత్తో నాకు తెచ్చిపెట్టింది ఏదైనా ఉందంటే అదే.

కోర్బినియన్‌కి మొన్న భోజనాల దగ్గర మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. చర్చిల్లో ఆర్గన్‌లు బాగుచేసుకునే మొగుడికి మన పని అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఎవరికైనా చెప్పగలనని నా ధైర్యం.

“ఉపగ్రహం మీద పంతొమ్మిది డిటెక్టర్లు, తేనెపట్టు గదుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి,” అన్నాను. “గామా ఫోటాన్ వచ్చి ఒకదాంట్లో పడి, తన శక్తంతా అక్కడే వదిలేస్తే అది ఒంటిది. ఒకదానికి తగిలి, కొంత అక్కడ వదిలి, ఎగిరి పక్కదాంట్లో పడిందనుకో, అది జంటది. జంటవాటి లెక్క తలనొప్పి కాబట్టి అందరూ వాటిని పక్కన పెట్టేస్తారు. నేను పెట్టలేదు.”

“అంటే ఊరంతా పారేసిన ఎముకలతో నువ్వు చారు కాచావన్నమాట.”

“ఒంటివీ జంటవీ కలిపిన ఆ చారులోనే దొరికింది. నార్మా తారామండలం వైపు, ధూళి వెనకాల, పేలిన నక్షత్రాల్లో పుట్టే టైటానియం శక్తి దగ్గర లెక్క గుట్టలా లేచింది. అంటే మూడు వందల ఏళ్ళ కిందట అక్కడొక నక్షత్రం పేలింది. భూమ్మీద ఒక్క పురుగూ చూడలేదు. మొదట చూసింది నీ పెళ్ళాం.”

వాడు చెంచా కింద పెట్టి నా మొహం చూశాడు. ఆ చూపు నీకు చెప్పాలని ఈ ఉత్తరం.

జూన్‌లో శాశ్వత ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇద్దరమే మిగిలాం: నేను, హాంబుర్గ్ నుంచి ఒకాయన. నా కాంట్రాక్టు సెప్టెంబరుతో ఆఖరు. ఈ దేశపు చట్టం సంగతి తెలుసుగా, ఆ తర్వాత నన్ను తాత్కాలికంగా ఉంచుకోవాలని వాళ్ళకున్నా కుదరదు. ఈ వ్యాసం ఇంటర్వ్యూ లోపల ఆమోదం పొందితే ఆ హాంబుర్గ్ ఆయన రైలు టికెట్ దండగ.

నీ పేరు కూడా రచయితల్లో పెట్టమని తాన్హూబర్‌ని రెండుసార్లు అడిగాను. “డిటెక్టర్లు బిగించినవాళ్ళందరి పేర్లూ పెడితే జాబితా వ్యాసం కంటే పొడుగవుతుంది” అన్నాడు. నాకు సిగ్గేసింది. ఉపగ్రహం పైకి పోకముందు ఆ పంతొమ్మిదింటినీ దుమ్ము చొరని ఆ గదిలో నీ చేత్తో బిగించావు. డిసెంబరులో నాలుగో నంబరు చచ్చిపోయినప్పుడు ముందు నాకు ఫోను చేసి చెప్పిందీ నువ్వే. నా మీద మనసులో ఏమీ పెట్టుకోకు. వ్యాసం కాపీ ఒకటి పంపిస్తాను, చదివి తిట్టు.

నీ
రోస్విత


టులూజ్
ఫిబ్రవరి 20

గౌరవనీయులైన సంపాదకులు సీట్సె పోస్ట్‌మా గారికి,

మీరు పంపిన వ్యాసం అందింది. అచ్చుకి తగినదో కాదో పరిశీలించి చెప్పమన్నారు. పరిశీలించే రిఫరీల పేర్లు రచయితలకి తెలియనివ్వరని నాకు తెలుసు. అయినా ఒప్పుకునే ముందు ఒక మాట చెప్పుకోవాలి. మొదటి రచయిత రోస్విత కీన్లె నా స్నేహితురాలు. చదువుకునే రోజుల్లో ఈ ఊళ్ళోనే ఒకే గదిలో ఉన్నాం. ఇప్పటికీ ఒకరికొకరం ఉత్తరాలు రాసుకుంటాం. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వడం మంచిది.

వ్యాసం ఒకసారి చదివాను, దాచను. మంచి పని. ఒకచోట మాత్రం ఏదో కాలికి రాయిలా తగిలింది. అదేమిటో నాకే ఇంకా స్పష్టంగా లేదు.

భవదీయురాలు
మైలీస్ దస్తూగ్


లైడెన్
ఫిబ్రవరి 26

మైలీస్ దస్తూగ్ గారికి,

మీ నిజాయితీకి కృతజ్ఞతలు. నా ఇబ్బంది కూడా వినండి. జంట నమోదుల సంగతి లోతుగా తెలిసినవాళ్ళు ప్రపంచంలో గుప్పెడుమంది. మీరు తప్ప మిగతా అందరి పేర్లూ ఈ వ్యాసం నెత్తినే ఉన్నాయి. తెలియనివాళ్ళకి పంపితే “బాగుంది” అని రెండు వాక్యాలు రాసి పంపుతారు. స్నేహం సంగతి నా ఫైల్లో రాసుకున్నాను. మీరే చూడండి. ఈ విషయం రచయితల్లో ఎవరితోనూ మాట్లాడవద్దని మాత్రం మనవి.

సీ. పోస్ట్‌మా


టులూజ్
మార్చి 2

రోసీ,

అభినందనలు. కోర్బినియన్ చెంచా కింద పెట్టాడంటే గొప్ప విషయమే. వాడు నిశ్చితార్థం రోజున కూడా తింటూనే ఉన్నాడు.

వ్యాసం నాకు పంపకు. పని సంగతులు కూడా కొన్నాళ్ళు రాయకు. కారణం ఏమీ లేదు, తల అలసిపోయింది అంతే. ఈ వారమంతా ఓతాన్ గాలి వీస్తోంది. కిటికీ రెక్కలు కొట్టుకుని కొట్టుకుని పై అంతస్తు ముసలాయన మెట్ల మీదికొచ్చి గాలిని పేరుపెట్టి తిడుతున్నాడు. ఈ గాలి వీచేటప్పుడు ఊళ్ళో ఎవరూ ఎవరికీ మంచి ఉత్తరం రాయలేరు.

తమ్ముడు బాతు మాంసం కొవ్వులో వేసి ఆరు సీసాలు పంపాడు. రెండు నీకు ఉంచుతాను. ఆరోగ్యం జాగ్రత్త. ఇంకేవైనా కబుర్లుంటే రాయి.

మైలీస్


గార్హింగ్
మార్చి 14

మైలీస్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా చలేసింది. “పని సంగతులు రాయకు” అట. మనిద్దరి మధ్య పని కాని సంగతి ఎప్పుడుందే? నీ విడాకుల కబురు కూడా నువ్వు నాకు వాక్యూమ్ పంపు పాడైన సంగతికీ, కొత్త పంపు వచ్చిన సంగతికీ మధ్యలో రాశావు.

జాబితాలో పేరు లేదని కోపమా? అయితే ఆ మాటే అను. తిట్టు, ప్లేటు విసురు, అంతేగాని గాలి మీద పెట్టకు. నాలుగుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. ఇంట్లో ఉండే ఎత్తడం లేదని నాకు తెలుసు. ఆదివారం నువ్వు ఎక్కడికీ పోవు.

సరే, నేనే వంగుతాను. నీకు తప్ప ఎవరికీ చెప్పనిది చెబుతాను, అప్పటికైనా నీ కోపం కరుగుతుందేమో.

వ్యాసం పంపడానికి ముందు, జనవరిలో, ఒక పరీక్ష చేశాను. నాలుగో నంబరు చుట్టూ ఉన్న ఆరు డిటెక్టర్లనీ లెక్కలోంచి తీసేసి, మిగతా పన్నెండింటితోనే చూశాను. ఎందుకు చేశానో అడగకు, చెయ్యి దానంతటదే చేసింది. పద్దెనిమిదిలో ఆరు తీస్తే గుట్ట మూడోవంతు తగ్గాలి. మైలీస్, మూడోవంతే తగ్గలేదు. చాలా తగ్గింది. నేను తెర మూసేసి, కోటు వేసుకుని, బేకరీకి పోయి అవసరం లేని బ్రెట్సెల్ రొట్టెలు కొన్నాను.

మర్నాడు తాన్హూబర్‌కి చెప్పాను.

“ఎవరు చెయ్యమన్నారు ఆ పరీక్ష?” అన్నాడు.

“ఎవరూ అనలేదు.”

“మూడోవంతు సమాచారం పారేశారు. బలహీనమైన గుట్ట అటూ ఇటూ ఊగుతుంది. సగం దీపాలు ఆర్పేసి, చీకటిగా ఉందని మీరే భయపడుతున్నారు, రోస్వితా.”

“ఊగడం కంటే ఎక్కువగా ఉంది, ప్రొఫెసర్.”

“అయితే జూన్ తర్వాత తీరిగ్గా చూడండి. వ్యాసంలో పెట్టాల్సినంత గట్టి సంగతి కాదది.”

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. సమాచారం తక్కువే. అది నిజంగా ఊగిసలాటే కావచ్చు. నేను ఆ మాట రోజుకి పదిసార్లు చెప్పుకుంటున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ కొంచెం తక్కువ నమ్ముతున్నాను.

నువ్వు చెప్పు. ఆ డిటెక్టర్ల ఒళ్ళు నాకంటే నీకు తెలుసు. ఆపమంటే రేపే పత్రికకి రాసి ఆపేస్తాను. ఊరుకోమంటే ఊరుకుంటాను. నీ మాట మీద ఉంటాను, ఒట్టు.

రోస్విత


టులూజ్
మార్చి 19

పోస్ట్‌మా గారికి,

వ్యాసం నా దగ్గర ఉండగానే రచయిత నుంచి నాకొక వ్యక్తిగత ఉత్తరం వచ్చింది. పని సంగతులు రాయవద్దని ముందే చెప్పాను. కారణం చెప్పలేకపోయాను కాబట్టి ఆమె ఇంకోలా అర్థం చేసుకుని, ఎవరికీ చెప్పనిది నాకు చెప్పింది. అది సరిగ్గా ఈ వ్యాసం ఆయువుపట్టు.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. మొదటిసారి చదివినప్పుడు కాలికి తగిలిన రాయి ఏమిటో నాకిప్పుడు స్పష్టంగా తెలుసు. చచ్చిపోయిన డిటెక్టరు పొరుగున ఉన్నవాటిని వేరుగా చూడలేదన్నదే. కానీ ఆ ఉత్తరం రాకపోతే ఈ ప్రశ్న నాకు తట్టేదా? తట్టేదనే అనుకుంటున్నాను. నేను అనుకోవడానికి విలువ లేదు, నా మనసు నాకే సాక్ష్యం చెప్పలేదు. అడిగితే ఆమె నమ్మి చెప్పింది వాడుకున్నదాన్ని అవుతాను. అడగకపోతే తెలిసి తెలిసి ఒక తప్పుకి తలుపు తీసినదాన్ని అవుతాను.

దయచేసి నన్ను ఈ పని నుంచి తప్పించండి.

మైలీస్ దస్తూగ్


లైడెన్
మార్చి 25

మైలీస్ గారికి,

ఈ కుర్చీలో చాలాకాలంగా కూర్చున్నాను. మీరు తప్పుకుంటే వ్యాసం ఇంకొకరికి వెళుతుంది. వాళ్ళు ఆ ప్రశ్న అడగరు. అది అచ్చవుతుంది. మీరు లోకానికంతటికీ ముందు నిజం తెలిసిన మనిషిగా దాన్ని పత్రికలో చదువుకుంటారు. అది మీకు సుఖంగా ఉంటుందనుకుంటే తప్పుకోండి, నేను బలవంతం చెయ్యను.

ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందన్నది మీ బాధ. నాకు కావలసింది ప్రశ్న సరైనదా కాదా అన్నది.

సీ. పోస్ట్‌మా


గార్హింగ్
మే 6

మైలీస్,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఏడు వారాలు రోజూ డబ్బా తెరిచి చూశాను. ఆఖరికి జవాబు వచ్చింది, నీ దస్తూరీలో కాదు. పత్రిక నుంచి వచ్చింది.

తాన్హూబర్ మమ్మల్నందర్నీ గదిలో కూర్చోబెట్టి ఇద్దరు రిఫరీల నివేదికలూ పైకి చదివాడు. మొదటిది రెండు వాక్యాల పొగడ్త. రెండోది ఇలా మొదలైంది. “మూగబోయిన డిటెక్టరుకి పొరుగున ఉన్న ఆరింటినీ వేరుచేసి, మిగతా పన్నెండింటితో ఆ గుట్ట నిలుస్తుందో లేదో చూపాలి.” ఇంతవరకూ సరే. తెలివైనవాడెవడైనా అడగవచ్చు. ఆ తర్వాతి వాక్యం చదువుతూ ఆయన ఆగి కళ్ళజోడు తీశాడు. “ఈ లెక్క రచయితల దగ్గర ఇప్పటికే ఉండవచ్చు, ఉంటే దాన్ని చేర్చితే చాలు.”

ఇప్పటికే ఉండవచ్చు అట.

గదిలో అందరూ నవ్వారు. “మన డ్రాయర్లు కూడా సోదా చేశాడే వీడు” అన్నాడొకడు. తాన్హూబర్ నవ్వలేదు. నా వైపు చూశాడు. ఆ లెక్క ఉందని తెలిసినవాళ్ళు ఇద్దరమేనని ఆయన లెక్క. ముగ్గురని నాకు తెలుసు.

మీటింగు అయ్యాక తలుపు మూసి అడిగాడు.

“ఎవరికైనా చెప్పారా?”

“లేదు,” అన్నాను. నీ కోసం అబద్ధం ఆడాను, చూడు.

అది నువ్వేనా, మైలీస్? ఒక్క మాట. అవునంటే అవును, కాదంటే కాదు. నేను నిన్ను సలహా అడిగాను. ఒట్టు పెట్టి అడిగాను. ఆపమని ఒక ముక్క రాసుంటే నేనే ఆపేదాన్ని, నా పరువుతో నేను బయటపడేదాన్ని. నువ్వు ఏడు వారాలు నోరు మూసుకుని, ముసుగేసుకుని, వెనకనుంచి వచ్చావు.

రోస్విత


టులూజ్
మే 12

రోసీ,

నువ్వడిగినదానికి అవుననీ కాదనీ రెండూ చెప్పలేను. రిఫరీ ఎవరని అడిగినప్పుడల్లా కానివాళ్ళందరూ కాదని చెబుతూ పోతే, నోరు మూసుకున్నవాడు దొరికిపోతాడు. అందుకే ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఈ నియమం నువ్వూ నేనూ పుట్టకముందే ఉంది.

నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. అది మాత్రం నా తప్పే, దానికి ఏ నియమమూ అడ్డు పెట్టుకోను. రాయడానికి కూర్చున్నాను, చింపేశాను.

నిన్నొకటి అడుగుతాను. ఎవరడిగారన్నది కాసేపు పక్కన పెట్టు. ఆ ప్రశ్న తప్పా? ఆ డిటెక్టర్లు మన ఎదురుగా బల్ల మీద ఉన్నప్పుడు, రేడియం మూలకం దగ్గరపెట్టి కొలిచేటప్పుడు, పక్కదాన్ని చూడకుండా ఒక్కదాని లెక్కే రాసుకున్నామా ఎప్పుడైనా?

మైలీస్


గార్హింగ్
మే 17

మైలీస్,

కాదని రాయలేదు నువ్వు. నాకది చాలు.

ప్రశ్న తప్పు కాదు. నా ఒళ్ళు మండేదీ అందుకే. తప్పు ప్రశ్న అయితే నిన్ను తిట్టి పడుకునేదాన్ని. ఇక మనం రాసుకోవద్దు.

రోస్విత కీన్లె


గార్హింగ్
జూన్ 27

మైలీస్,

రాయనన్నాను. కోర్బినియన్ ఊరుకోవడం లేదు. “నువ్వు ఆమెకి చెప్పకపోతే నాకే మళ్ళీ మళ్ళీ చెబుతావు, నేను చర్చికి పోవాలి” అంటున్నాడు. కాబట్టి ఇది ఉత్తరం కాదు, కబురు. దీనికి జవాబు రాయకు.

ఆ పరీక్ష మళ్ళీ చేశాను. ఈసారి పూర్తిగా. ఆరింటినీ తీసేస్తే గుట్ట లేదు. ఆరింటితోనే చూస్తే గుట్ట కొండంత ఉంది. ఆకాశం నుంచి వచ్చేదైతే పద్దెనిమిదింటిలోనూ ఉండాలి కదా. అంటే అది ఆకాశంలోది కాదు. మరి ఎక్కడిది? ఇంటర్వ్యూ సోమవారం, శుక్రవారానికి ఇంతే తెలుసు. “మిగతాది ఇంటర్వ్యూ అయ్యాక” అని తాన్హూబర్ చెప్పి వెళ్ళిపోయాడు.

శనివారం జంటవాటిని తిరగేశాను. డిసెంబరుకి ముందువి, నాలుగో నంబరు బతికున్నప్పటివి. ఆ గుట్ట అక్కడుంది, అదే శక్తి దగ్గర. అప్పుడు ఒంటివాటిలో లేదు, జంటవాటిలో ఉంది: నాలుగులో ఎంతో కొంత శక్తి, పక్కదాంట్లో మాత్రం ఎప్పుడూ సరిగ్గా ఆ గుట్ట దగ్గరి శక్తే. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

సోమవారం గదిలో అయిదుగురున్నారు. హైడెల్‌బర్గ్ నుంచి వచ్చినావిడ, జుట్టు తెల్లగా కత్తిరించుకున్నావిడ, ముందే అడిగింది.

“ఈ నక్షత్రం మీద మీకెంత నమ్మకం?”

“శుక్రవారం దాకా ఉండేదండీ.”

తాన్హూబర్ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. నేను లేచి బోర్డు మీద తేనెపట్టు గీశాను, నడుమ ఒక గది నల్లగా పూసేశాను.

“ఇది చచ్చిపోయిందంటున్నాం,” అన్నాను. “చచ్చింది దాని వైర్లు. కిరణాలు పడే స్ఫటికం లోపల అలాగే ఉంది. కాస్మిక్ కిరణాలు దాన్ని కొడుతూనే ఉన్నాయి, లోపల పరమాణువులు మారిపోతూనే ఉన్నాయి. అలా మారేటప్పుడు ఒక ఎలక్ట్రాన్ లోపలే ఆగిపోతుంది, ఒక గామా ఎగిరి పక్కదాంట్లో పడుతుంది. ఇది పలికేటప్పుడు రెండూ నమోదయ్యేవి, జంటది, ఇక్కడిదే అని తెలిసేది. ఇప్పుడు ఎలక్ట్రాన్ సంగతి చెప్పేవాళ్ళు లేరు. పక్కదానికి తనలో పడ్డ గామా ఒక్కటే తెలుసు. ఒంటిదని రాసుకుంటుంది. నేను దాన్ని నక్షత్రం అనుకున్నాను.”

హైడెల్‌బర్గ్ ఆవిడ కలానికి మూత పెట్టింది.

“వ్యాసం?” అంది ఆవిడ.

“వెనక్కి తీసుకుంటున్నాను.”

“మీ ప్రొఫెసర్‌కి తెలుసా?”

“ఇప్పుడు తెలిసింది.”

బయటికొచ్చాక వసారాలో తాన్హూబర్ నన్ను ఆపాడు. “నాకు ముందు చెప్పాల్సింది” అన్నాడు. “జనవరిలో చెప్పాను” అన్నాను. ఆయన మెట్లు దిగిపోయాడు. చెడ్డవాడు కాదు. ఆ నక్షత్రం నాకంటే ఆయనకే ఎక్కువ కావాలేమో. వచ్చే ఏడు రిటైరవుతాడు.

ఉద్యోగం హాంబుర్గ్ ఆయనకిచ్చారు. హైడెల్‌బర్గ్ ఆవిడ నాకు చెయ్యి ఇచ్చి చాలాసేపు వదల్లేదు. ఆ చేతిని జీతంగా ఎవరూ ఇవ్వరు.

ఇంటికొచ్చి కోర్బినియన్‌కి చెప్పాను. వాడు “అయితే పేలిందేమీ లేదన్నమాట” అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

నేను నా అంతట నేను ఆ పని చేసేదాన్నా అని అడుగుతావేమో. జూన్ తర్వాత చేసేదాన్ని. ఉద్యోగం చేతికొచ్చాక, తీరిగ్గా, చిన్న సవరణగా. ఇది నీకెందుకు రాస్తున్నానో తెలీదు.

రోస్విత


టులూజ్
ఆగస్టు 21

రోసీ,

జవాబు రాయకన్నావు, రాస్తున్నాను. చదవకుండా చింపేసినా సరే.

ఆ నివేదిక నాదే. ఈ మాట రాసి నియమం తప్పుతున్నాను. నువ్వు పోస్ట్‌మాకి చెబితే ఆయన నాకు ఇంకెప్పుడూ వ్యాసం పంపడు. చెప్పుకో.

“లెక్క ఇప్పటికే ఉండవచ్చు” అని రాసింది నీకు దారి వదలడానికి. ఎవరో అడిగారు, మా దగ్గర ఉంది, ఇదిగో అని నువ్వు తలెత్తుకుని ఇవ్వవచ్చని. తాన్హూబర్ దాన్ని పైకి చదువుతాడనీ, నువ్వు ఆ గదిలో కూర్చుని ఉంటావనీ నాకు తట్టలేదు. మంచి చేస్తున్నాననుకుని చేసినదే నిన్ను ఎక్కువ కోసింది.

నీ మార్చి ఉత్తరం వచ్చిన రోజునే నేను చెయ్యాల్సింది ఒకటుంది. “రోసీ, నీ వ్యాసం నా చేతిలో ఉంది, ఇంకో మాట రాయకు” అని చెప్పేయాల్సింది. నియమం ఒప్పుకోదని ఊరుకున్నాను. ఇప్పుడు అదే నియమం తప్పుతున్నాను, నీకు ఏ లాభమూ లేని వేళకి. ఆ ప్రశ్న నాదో నీదో నాకిప్పటికీ తెలీదు. తెలిసినట్టు నటించి నీ దగ్గర మార్కులు కొట్టేయను.

నీ జూన్ కబురు వర్క్‌షాపులో నిలబడి చదివాను. డిసెంబరుకి ముందు జంటవాటిలో వెతకడం నాకు తట్టలేదు. నేను ఆరింటినీ తీసేయమనడం దాకానే వెళ్ళాను. తీసేసినవాటిలో ఏముందో చూసింది నువ్వు. మొన్న ఇంకో డిటెక్టరు కూడా మూగబోయింది, వినే ఉంటావు. నువ్వు వ్యాసం వెనక్కి తీసుకుంటూ రాసిన నోటు చూసి మా వాళ్ళందరూ ఇప్పుడు నీ పద్ధతిలోనే దాని పొరుగువాటిని వేరు చేస్తున్నారు. నువ్వెవరో తెలియకుండానే “కీన్లె దిద్దుబాటు” అంటున్నారు కొత్త పిల్లలు, కీన్లె అంటే ఎవరో ముసలి జర్మన్ అనుకుని.

ఆకాశంలో అల్యూమినియం ఎక్కడెక్కడుందో చూపే మా పటం పూర్తయింది. జంటవాటితో సహా. అదే పత్రికకి వచ్చే నెల పంపుతున్నాం. మొదటి పేరు నాది.

నువ్వు ఎక్కడికి వెళుతున్నావో కోర్బినియన్‌ని అడిగాను. కోపం తెచ్చుకోకు, వాడు చెప్పాడు.

మైలీస్


కోపెన్‌హాగన్
అక్టోబరు 11

మైలీస్,

ఇక్కడ రెండేళ్ళ పని. గది రేవు పక్కన, కిటికీ తెరిస్తే చేపల వాసన, మూస్తే హీటరు వాసన. కోర్బినియన్ నెలకోసారి వస్తాడు. పోయిన వారం వచ్చి ఇక్కడి చర్చి ఆర్గన్ విని, ఎవరూ అడగకుండానే అందులో తప్పులు చెప్పాడు. వాళ్ళు కాఫీ ఇచ్చి పంపేశారు.

నీ ఆగస్టు ఉత్తరం చింపలేదు. పోస్ట్‌మాకీ చెప్పలేదు. చాలా రోజులు కోపం ఉంది, ఇప్పుడూ కొంచెం ఉంది, దాచడం ఎందుకు. “ముసలి జర్మన్” దగ్గర నవ్వాను. నవ్వినందుకు ఇంకోసారి కోపం వచ్చింది.

నీలో నాకు కోపం తెప్పించినది ఆ ప్రశ్న కాదని ఇక్కడికొచ్చాక తెలిసింది. ప్రశ్న అడుగుతూనే నా స్నేహితురాలిగానూ ఉండాలనుకున్నావు. నా ఉత్తరాలు తీసుకుంటూనే ఉన్నావు. కవరు విప్పకుండా వెనక్కి పంపేస్తే నాకు అర్థమయ్యేది కాదు, కానీ తర్వాత ఎప్పటికైనా అర్థమయ్యేది.

పది రోజుల కిందట పోస్ట్‌మా నుంచి ఒక వ్యాసం వచ్చింది, పరిశీలించి చెప్పమని. ఎవరిదో చెప్పను. రచయితల్లో ఒకామె నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసని ఆయనకి రాశాను. జంటవాటి సంగతి తెలిసినవాళ్ళు గుప్పెడుమందని, మిగతా అందరి పేర్లూ వ్యాసం నెత్తినే ఉన్నాయని జవాబు. ఆ వాక్యం ఆయన ఎన్నిసార్లు రాశాడో.

ఒప్పుకున్నాను. మొదటి నాలుగు పేజీలు చదివాను. అడగాల్సినవి ఉన్నాయి. అన్నీ అడుగుతాను. ఒక్కటీ మెత్తగా అడగను.

అందుకని ఈ ఉత్తరం నీ చేతికి వచ్చిన రోజు నుంచి, అది తేలేదాకా, నీకు నేను రాయను. నీ ఫోను ఎత్తను. నీ కవర్లు విప్పను. కోపమని అనుకోకు. వసంతం దాటవచ్చు, పోస్ట్‌మా సంగతి నీకు తెలుసు.

నువ్వు మాత్రం రాయడం మానకు. గాలి గురించి రాయి, పై అంతస్తు ముసలాయన గురించి రాయి, పని గురించి కూడా నీకు తోచింది రాయి. వచ్చినవి వచ్చినట్టు దొంతర పెడతాను. అయిపోయిన రోజున తలుపు వేసుకుని మొదటి కవరు నుంచి చదువుతాను. అప్పటికి నా మీద నీకు ఒళ్ళు మండుతూ ఉండవచ్చు. మండనీ. అది కూడా రాయి.

రోస్విత